బుచ్చిబాబు కప్పని శాలువా

బుచ్చిబాబు ఇల్లు మా ఇంటికి ఎదురు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే వాళ్ళ వాకిలి, దాని పక్కనుంచి బస్టాపుకి పోయే సందు, రెండూ కనిపిస్తాయి. కనిపిస్తుంటే చూడకుండా ఉండడం నా వల్ల కాదు. కాబట్టి ఈ కథలో చాలా భాగం నేను కళ్ళారా చూసిందే. చూడనిది అడిగి తెలుసుకున్నాను.

మనిషిది తణుకు దగ్గర పల్లె. డబ్లిన్‌లో ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. మాట మెత్తన, నడక మెత్తన. ఎవర్నీ ఏదీ అడగడు. హోటల్లో ఇడ్లీ చెబితే వడ తెచ్చిపెట్టారనుకోండి, వడ తినేసి థాంక్యూ చెప్పి వస్తాడు. వాళ్ళావిడ జయశ్రీ ఈ సంగతి నవ్వుతూనే చెప్పేది, కానీ ఆ నవ్వు కింద కొంచెం మంట ఉండేది.

ఐర్లండ్‌లో డబ్లిన్ దగ్గర ఈ నేస్ ఊళ్ళో మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు విజయేంద్ర. స్పీచీలు ఆయనవి. కుర్చీలు, మైకు, శాలువాలు బుచ్చిబాబువి. ఇండియా వెళ్ళినప్పుడల్లా విజయవాడలో శాలువాలు కొని తెచ్చి మెట్ల కింద ప్రెస్‌లో పెడతాడు. ప్రెస్ అంటే ఇక్కడివాళ్ళ భాషలో బీరువా లెండి. శాలువాని ఎలా మడత పెడితే ఒక్క విసురులో భుజాల మీద పడి ఫోటోకి జరీ అంచు కనబడుతుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఉగాదికీ వినాయక చవితికీ ఈ ఏరియా కౌన్సిలర్ ఫింటన్‌ని పిలవడం, శాలువా కప్పడం, ఫోటో తీసి లోకల్ పేపరుకి పంపడం మా ఆనవాయితీ.

ఇక ఆ సందు సంగతి. మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి మా ఎస్టేట్‌లోకి, అంటే ఇళ్ళ కాలనీలోకి, రావాలంటే అదే దారి. రెండు వైపులా ఇళ్ళ వెనక గోడలు, మధ్యలో ఐదు దీపాలు. రెండు చలికాలాల కింద ఒకటొకటిగా ఆరిపోయాయి. బిల్డర్‌కి ఫోన్ చేస్తే కౌన్సిల్‌ని అడగమంటాడు. కౌన్సిల్‌కి చేస్తే, మీ ఎస్టేట్ ఇంకా మా చేతికి రాలేదు, బిల్డర్‌ని అడగమంటారు. చుట్టూ తిరిగి వచ్చే రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు, కార్లు రివ్వున పోతుంటాయి.

ఆ సందులోనే పోయిన జనవరిలో జయశ్రీ తడి ఆకుల మీద జారి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. పదేళ్ళు ఇంట్లో ఉండి, పిల్ల పెద్దదయ్యాక, ఊరి చివర వైద్య పరికరాల ఫ్యాక్టరీలో చేరిన మనిషి. గుండెలోకి పంపే సన్నటి గొట్టాలు చేస్తారట అక్కడ. తల మీద టోపీ, ఒంటి మీద గౌను, మూతికి గుడ్డ, అవన్నీ ఎలా వేసుకుంటారో నేను అడిగి అడిగి చెప్పించుకున్నాను. చేరిన రోజు మెళ్ళో బ్యాడ్జీతో నేరుగా మా ఇంటికొచ్చి, "చూడండి పిన్నీ, ఫోటో తీస్తుంటే నవ్వు ఆపుకోలేకపోయాను" అంది. నిజమే, ఆ బ్యాడ్జీ మీద పళ్ళన్నీ కనబడతాయి.

ఆ జయశ్రీ మొన్న ఆగస్టులో మా వంటింట్లో కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తూ తేల్చి చెప్పేసింది.

"అక్టోబరు ఆఖర్న గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఐదింటికే చీకటి పిన్నీ. ఈసారి పడితే లేవను. నవంబరు ఆఖరుకి లైట్లు రాకపోతే ఉద్యోగం మానేస్తాను."

"మీ ఆయన కారులో తీసుకురాడా?"

"ఇంటి నుంచి పని ఉన్న రోజు టార్చి పట్టుకుని సందు చివరికి వస్తారు. మిగతా రోజులు ఆయనే ఏడింటికి వస్తారు. నాకా, డ్రైవింగ్ టెస్టు తేదీ ఇంకా ఇవ్వలేదు."

వినాయక చవితి వచ్చింది. హాల్లో ఫింటన్‌కి మళ్ళీ శాలువా. కప్పింది బుచ్చిబాబే. మర్నాడు పట్టుకున్నాను అతన్ని, చెత్తబుట్ట బయట పెడుతుంటే.

"ఏరా, పక్కనే నించున్నావు కదా, లైట్ల సంగతి అడిగావా?"

"స్టేజీ మీద ఏం బావుంటుంది పిన్నీ?"

"దిగాక?"

"దిగాక టీ తాగుతున్నాడు."

"తాగాక?"

"వెళ్ళిపోయాడు."

"ఇప్పటికి మూడు శాలువాలు కప్పావు. ఆయనకి చలి తీరింది, నీ పెళ్ళాం మాత్రం చీకట్లో నడుస్తోంది."

తల గోక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. "మా సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఇంకా తేలలేదు పిన్నీ. ఇలాంటప్పుడు కంప్లయింట్లు పెడితే పేరు చెడిపోతుందేమో. మనం బయటివాళ్ళం. ఓటు కూడా లేదు."

ఇది నిజమో కాదో నాకూ తెలియదు. తెలియకపోతే నాకు నిద్ర పట్టదు. పక్కింటి బ్రీడాని అడిగాను. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి, నా వంటింటి ఇంగ్లీషు ఆవిడకి బాగానే అర్థమవుతుంది.

"అయ్యో, మీవాళ్ళు అడిగేశారనే నేను ఊరుకున్నాను" అంది బ్రీడా. "పేపర్లో ప్రతిసారీ ఆయన భుజం మీద చెయ్యేసి మీరే కదా ఉంటారు! శాలువాలు అక్కర్లేదు, ఆయనకి క్లినిక్ ఉంది. శనివారం పొద్దున లైబ్రరీ పక్క గదిలో కూచుంటాడు. వెళ్ళి అడగండి. దానికే కదా ఆయన్ని ఎన్నుకున్నది."

ఇక్కడ కౌన్సిలర్లూ, టీడీలూ జనాన్ని కలిసే చోటుని క్లినిక్ అంటారు. టీడీ అంటే మనకి ఎంపీ ఎలాగో అలాగ.

శనివారం బుచ్చిబాబుని నేనే లేవదీశాను. చేతిలో సంచీ చూసి అనుమానం వచ్చి విప్పాను. శాలువా, కాజూ కత్లీ డబ్బా.

"ఒట్టి చేతులతో ఎలా పిన్నీ?"

"అడగడానికి పోతున్నావా, సీమంతానికి పోతున్నావా?"

సంచీ కారులోనే పెట్టించాను. గదిలో పోలీసు లేడు, పీఏ లేడు. గోడవారగా కుర్చీలు, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ కోసం ఒక ముసలాయన, ఇంటి కోసం చంటిపిల్లతో ఒకావిడ. వాళ్ళ సంగతులన్నీ మా వంతు వచ్చేలోగా తెలుసుకున్నాను. ఫింటన్ మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"శాలువా మిత్రమా! చెప్పండి, మీకేం చెయ్యగలను?"

బుచ్చిబాబు నోరు తెరిచాడు. ఏం అడిగాడనుకున్నారు? దీపావళికి ముఖ్య అతిథిగా రమ్మన్నాడు. ఆయన సంతోషంగా డైరీలో రాసుకున్నాడు. చేతులు కలిపారు. మనవాడు లేచి తలుపు దాకా వచ్చేశాడు. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"పిన్నీ, రండి."

"నాకు మోకాళ్ళు పట్టేశాయి. జయశ్రీ మోచెయ్యి పట్టేసినట్టు."

ఆ మాటకి అతను తలుపు దగ్గరే ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, కూచోకుండా, చేతులు కట్టుకుని చెప్పడం మొదలెట్టాడు. సందు, ఐదు దీపాలు, బిల్డరు, కౌన్సిలు, తడి ఆకులు, మోచెయ్యి. ఆఖర్న నవంబరు గడువు సంగతీ చెప్పాడు. "నా భార్యకి ఆ ఉద్యోగమంటే ఇష్టమండీ" అన్నాడు ఇంగ్లీషులో.

ఫింటన్ పెన్ను కింద పెట్టాడు. "మీ హాలుకి మూడుసార్లు వచ్చాను. ఒక్కరూ చెప్పలేదు. మీ ఎస్టేట్‌లో అంతా బావుందనుకున్నాను."

తర్వాత ఆయన చెప్పింది సూటిగానే ఉంది. బిల్డర్ ఎస్టేట్‌ని అప్పగించకపోతే, ఇళ్ళ ఓనర్లలో ఎక్కువమంది సంతకాలు పెట్టి కౌన్సిల్‌ని తీసుకోమని అడగొచ్చు. అది నెమ్మదిగా సాగుతుంది. ఈలోగా దీపాల మాట ఆయన మీటింగులో లేవనెత్తుతాడు. టీడీలందరికీ కూడా రాయాలి, కింద ఇంటి అడ్రసు తప్పకుండా ఉండాలి, తమ ఏరియా మనిషని తెలిస్తేనే వాళ్ళు పట్టించుకునేది. "ఓటరుగా నమోదు చేసుకున్నారా?" అని కూడా అడిగాడు.

"మేం ఇంకా సిటిజన్లం కాదు."

"కౌన్సిల్ ఎన్నికలకి సిటిజన్ కానక్కర్లేదు. ఇక్కడ కాపురముంటే చాలు. అడిగితే అప్లికేషన్ చెడిపోతుందని ఎవరు చెప్పారు మీకు? ఇది నా పని."

కారెక్కాక బుచ్చిబాబు కాజూ కత్లీ డబ్బా తెరిచి నాకొకటి ఇచ్చి, తనొకటి తిన్నాడు. "పోయినసారి ఎన్నికలప్పుడు ఇంటికొచ్చి ఓటడిగారు పిన్నీ. నాకు లేదని చెప్పి తలుపేసేశాను" అన్నాడు.

సంతకాలకి నేనూ వెంట తిరిగాను. ఆ ఇళ్ళు లోపల ఎలా ఉంటాయో చూడాలని ఎప్పట్నుంచో ఉంది. మొదటి తలుపు దగ్గర బుచ్చిబాబు బెల్లు కొట్టి రెండడుగులు వెనక్కి వేశాడు, అప్పు అడగడానికి వచ్చినవాడిలా. నాలుగో ఇంటికి కాస్త ధైర్యం వచ్చింది. ఒకతను మాత్రం, "నాకు కారుంది, ఆ సందుతో నాకేం పని?" అన్నాడు. "మీ అమ్మాయి బస్సులోనే కదండీ కాలేజీకి వెళ్ళేది" అన్నాడు బుచ్చిబాబు. అబ్బో అనుకున్నాను. అతను సంతకం పెట్టాడు. బ్రీడా తన వైపు ఇళ్ళన్నీ తనే చూసింది. టీడీల్లో ఒకాయన ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఒకావిడ బిల్డర్‌కి రాస్తానని మెయిలిచ్చింది, ఒకాయన కొత్త సంవత్సరం క్యాలెండర్ పంపాడు.

గడియారాలు తిప్పారు. సందు చీకటిగానే ఉంది. జయశ్రీ ఫోన్ లైటు వేసుకుని ఆ గోడకి చెయ్యి ఆనించి నడుస్తూ రావడం నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఉంటుందో మానేస్తుందో ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌కి నెలాఖరున చెబుతానందట.

దీపావళి ఫంక్షన్ నవంబరులో పెట్టారు. హాలు నిండా జనం. విజయేంద్ర స్పీచి అయింది, ఫింటన్‌ని స్టేజీ మీదకి పిలిచారు, ఫోటోగ్రాఫర్ సిద్ధం. బుచ్చిబాబు శాలువా మడత విప్పాడు. విప్పి, అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"కప్పవయ్యా" అన్నాడు విజయేంద్ర పళ్ళ మధ్య నుంచి.

బుచ్చిబాబు మైకు దగ్గరికెళ్ళాడు. ఆ మైకుని అతను మోయడమేగానీ అందులో మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు.

"ఫింటన్ గారూ, మీరంటే మాకు గౌరవమే. ఇది మీ శాలువానే. ఆ సందులో లైటు వెలిగాక కప్పుతాను."

విజయేంద్ర ముఖం మాడిపోయింది. నా పక్కన జయశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో, భయమో, నేనడిగితే రెండూ అంది. ఫింటన్ ఖాళీ భుజాలు తడుముకుని, "న్యాయమే" అన్నాడు. "చలి వేస్తే గుర్తుంటుంది నాకు." అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది బ్రీడా.

ఆ తర్వాతి వారం బిల్డర్ చేసిందో, కౌన్సిల్ చేసిందో, ఎంత అడిగినా ఎవరూ తేల్చి చెప్పలేదుగానీ, పసుపు జాకెట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు నిచ్చెన బండితో వచ్చారు. నేను టీ ఇచ్చి అక్కడే నించున్నాను. నేల కింద తీగె తడిసి పాడైందన్నారు. ఐదింటిలో మూడు వెలిగాయి, రెండింటికి సామాను రావాలట. ఎస్టేట్ అప్పగింత మాత్రం ఇంకా కాగితాల మీదే ఉంది.

ఆ సాయంత్రం బస్సు వచ్చే వేళకి నేను స్టవ్ తగ్గించి కిటికీ దగ్గర నించున్నాను. బుచ్చిబాబు సందు చివర టార్చి వెలిగించుకుని ఉన్నాడు. జయశ్రీ దీపం కిందికి వచ్చింది. రోజూ గోడ పట్టుకుని పరుగులాంటి నడక. ఆ రోజు మధ్యలో ఆగి, సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ నింపాదిగా వచ్చింది. వాళ్ళ మాటలు వినాలి కదా, కిటికీ తెరిచాను.

"టార్చి దేనికండీ?"

"అలవాటు."

"సూపర్‌వైజర్‌కి ఇప్పుడే ఫోన్లో చెప్పేశాను, ఉంటానని. రేపట్నుంచి మీరు ఇక్కడికి రావద్దు. ఆ టైముకి బియ్యం కడిగి పెట్టండి."

"సరే" అన్నాడు బుచ్చిబాబు. రెండడుగులు వేసి ఆగాడు. "జయా, శనివారం శాలువా పట్టుకుని ఫింటన్ దగ్గరికి వెళ్ళాలి. మిగతా రెండు దీపాలు ఎప్పుడని కూడా అడగాలి."

"ముందు అడగండి" అంది జయశ్రీ. "తర్వాత కప్పుదురుగాని."