తోపుకి రోజుకెన్నిసార్లు?

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లేదని గట్టిగా నమ్మేదాన్ని. ఐదో తరగతితో బడి మానేసినా, కాపురానికొచ్చిన ఆ సముద్రపొడ్డు ఊళ్లో కోడళ్లందరిలోకీ గబగబా చదవగలిగింది నేనే (ఆసుపత్రి చీటీ అయినా, రేషను కాగితమైనా నా దగ్గరికే తెచ్చేవాళ్లు). ఆ గర్వంతోనే ఒక పెద్ద చదువును దాదాపు ముంచేశాను.

మా ఊరికీ సముద్రానికీ నడుమ సర్వి చెట్ల (సరుగుడు అంటారే, అవే) తోపు ఉంది. అందులో రాలిన ఆకు, ఎండుపుల్లలే మా పొయ్యిలకు ఆధారం. ఆ ఏడు తోపు చుట్టూ కంచె వేస్తారని, ఇక ఎవరూ లోపలికి పోకూడదని ఫారెస్టు గార్డు చెప్పిపోయాడు. సరిగ్గా అప్పుడే పట్నం నుంచి ఒక అమ్మాయి దిగింది. అడవుల చదువు, మనుషుల చదువు రెండూ కలిపి పెద్ద చదువు చదువుతోందట. పొద్దున చెట్లకు టేపు చుట్టి కొలిచేది, సాయంత్రం మమ్మల్ని ప్రశ్నలడిగేది. మా అత్త ఊరుకోలేదు. "చెట్ల సదువైతే చెట్లనడగాల గానీ, మనల్నడిగేదేందిమే?" అంది. "వాటికి నోరు లేదు గదమ్మా! మీరేం తెచ్చుకుంటున్నారో నేను రాసిస్తే, చూశాకే కంచె సంగతి తేలుస్తానన్నారు ఫారెస్టు ఆఫీసరుగారు" అని నవ్విందా అమ్మాయి.

ఆమె ప్రశ్నల కాగితం నాకు చూపించింది. "అటవీ ప్రాంతమునకు దినమునకు ఎన్ని పర్యాయములు వెళ్లెదరు?" అని ఉంది. "ఇట్టాగడిగితే ఎవురికి అర్థమవతాది పాపా?" అని కొట్టేసి, "రోజుకి తోపుకి ఎన్నిసార్లు పోతారు?" అని నా చేత్తో రాసిచ్చాను. నాది వెంకటాచలం పక్క ఊరు, వచ్చి మూడు నెలలు కాలేదు. పుల్లలకు పోతే ఇక్కడ "ఆకుకి పోవడం" అంటారనీ, "తోపుకి పోవడం" అంటే తెల్లారగట్ల చెంబు పట్టుకుని పోయే పని అనీ నాకేం తెలుసు? (మా అత్తింట్లో మరుగుదొడ్డి ఉండేది. ఆ మాట వినే యోగం నాకు కలగలేదు.)

ఆ అమ్మాయి ఇల్లిల్లూ తిరిగింది. ఆడవాళ్లు సిగ్గుపడుతూనే జవాబు చెప్పారట. "ఒకసారేనమ్మా. కడుపు బాగలేకపోతే రెండు." "తిరిగొచ్చేటప్పుడు ఏం తెచ్చుకుంటారు?" "ఏం తెచ్చుకుంటాం తల్లీ, ఖాళీ చెంబు!" అదీ రాసుకుంది. (తాగే నీళ్లకనుకుందట, పాపం.)

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వసారాలో మీటింగు. ఆఫీసరు ఆ కాగితాలు పైకెత్తి, "తోపు నుంచి ఏమీ తెచ్చుకోవడం లేదని మీ ఆడవాళ్లే చెప్పినారు. ఇంక కంచెకి అడ్డమేముంది?" అన్నాడు. ఆడవాళ్లంతా తలలు దించుకున్నారు. "మనం చెప్పింది చెంబు లెక్క గదమే!" అని వెనక ఎవరో గొణిగారు. నాకు అప్పుడు వెలిగింది. లేవబోతే అత్త నా కొంగు పట్టుకుంది.

"కూసోమే! పాస్టరుగారుండారు, పరువు పోద్ది."

"పరువు సంగతి సరే, రేపు పొయ్యిలో ఏం పెడతావత్తా?"

లేచాను. "సార్, ఆ ప్రశ్న రాసింది నేను. తప్పు నాది. ఈ ఊళ్లో తోపుకి పోవడమంటే చెంబు తీసుకొని పోవడం. వాళ్లు చెప్పింది దాని లెక్క. ఆకు సంగతి మళ్లీ అడిగి రాయండి, ఇప్పుడే, మా ముందరే. రాసిందాకా ఒక్కరం గూడా లేవం!"

ముందుగా నవ్వింది పాస్టరుగారే. చదువుకునే అమ్మాయి ముఖం ఎర్రబడిపోయింది, అయినా కలం తీసింది. నా కొంగు పట్టుకున్న అత్తే అందరికంటే ముందు లేచి, "దినానికి రెండు మోపులు, రాసుకో!" అంది. తర్వాత ఒకరి వెనక ఒకరు. అన్నం వేళ దాటినా ఎవరూ కదల్లేదు. చివరికి ఆఫీసరే, "ఆకు తెచ్చుకునేదానికి కంచెలో ఒక దారి వదులుతాం లేమ్మా" అని దిగొచ్చాడు.

"మరి తోపుకి పోయేదానికో?" అంది మా అత్త.

ఆయన తలెత్తకుండా రెండో దారి కూడా రాసుకున్నాడు.

ఇప్పుడు ఇంటింటికీ గ్యాసు, మరుగుదొడ్డి వచ్చాయి. రెండో దారిలో ముళ్లపొదలు లేచాయి. అత్త లేదు. ఆ దారి మూసేస్తామని మొన్న ఎవరో కొత్త గార్డు వచ్చి చెప్పాడు. అది ఎందుకు పుట్టిందో అతనికి చెప్పబోతే నాకే నవ్వాగలేదు. అంత మందిలో అంత మాట అన్న పిల్ల నేనేనా అనిపించింది. మోకాళ్ల నొప్పులు, గోడ పట్టుకుంటే గానీ లేవలేను. అయినా గోడ పట్టుకునే లేచి, "మూసి చూడబ్బయ్యా" అన్నాను.