కుక్క ముద్దలో కిస్‌మిస్ ఏరిన పెద్దమ్మ

చేతులారా, ప్రేమగా, దేవుడి పేరు చెప్పి పెట్టిన ముద్దతో ఒక ప్రాణం పోవచ్చని మీకెవరైనా చెప్పారా? చెప్పలేదంటే కాసేపు కూర్చోండి. నాకు చెప్పిన మనిషి పన్నెండు రోజుల కిందట పోయింది. మా పక్కింటి పెద్దమ్మ. పొద్దున్నే అరుగు మీద చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని గోడకు ఆనుకుంది. ఆనుకున్నది ఆనుకున్నట్టే ఉంది. కోడలు మా తలుపు కొట్టి, "అన్నా, అత్తమ్మ పలుకుతలేదు" అన్నది. నేను వెళ్ళేసరికి చాయ్ ఇంకా వెచ్చగానే ఉంది.

మాది బహదూర్‌పురాలో ఒక సందు. పెద్దమ్మ ముప్పై ఏళ్ళు జూలో జంతువులకు మేత కోసే పని చేసింది. చదువు లేదు. కానీ ఏనుగుకు చెరకు ఎంత పొడుగున నరకాలో, కోతికి ఆపిల్ కోసేటప్పుడు గింజలు ఎట్లా తీయాలో, పక్షుల పళ్ళేన్ని ఎన్నిసార్లు కడగాలో ఆమె వేళ్ళకు తెలుసు. రిటైరైన తర్వాత కూడా కూరగాయలు కొనడానికి వెళితే వంకాయను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. బండివాడు విసుక్కుంటే, పాడైనది జంతువు తినదు, మనిషే తింటాడని చెప్పి నవ్వేది.

నా సంగతి మీలో చాలామందికి తెలుసు. కుట్టుమిషన్లు బాగుచేసుకుంటాను. ఏ గురువు దగ్గరా కూర్చోలేదు. మందిరంలో చదివే ధర్మగ్రంథాన్ని నాకు నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. అట్ట ఊడిపోతే మిషన్ దారంతో కుట్టుకున్నాను. ఎక్కడికి వెళ్ళినా అది సంచిలో ఉండాల్సిందే. శనివారం సాయంత్రం మా సందులోని మందిరంలో బోధ చెబుతాను. గొంతు పెద్దది. నేను లేస్తే పక్క సందు వాళ్ళు కూడా టీవీ శబ్దం తగ్గిస్తారు.

నా దుకాణం బల్ల కింద ఒక ఎర్ర కుక్క ఉండేది. పేరు టైగర్. అయిదారేళ్ళుగా దానికి నేను పెట్టింది చాయ్‌లో ముంచిన బన్ను, బిస్కెట్లు, మధ్యాహ్నం నా టిఫిన్‌లో మిగిలిన అన్నం. ఒకరోజు పెద్దమ్మ మిషన్ నూనె కోసం వచ్చి, కిందికి వంగి దాని పక్కటెముకల మీద చేయి వేసింది. రోమాలు ఆమె చేతికే వచ్చాయి. పేరేమిటని అడిగితే చెప్పాను.

"నేను అసలు పులులకు పెట్టినదాన్ని బిడ్డా. గీ టైగర్‌కు బన్ను పెడ్తున్నవ్ నువ్వు. దానికి తెలిస్తే పేరు మార్చుకుంటది."

నేను నవ్వేసి ఊరుకున్నాను. అప్పుడే విని ఉంటే ఈ రోజు నేను రాయాల్సింది సగం తగ్గేది.

మా మందిరంలో భైరవుడికి చీకటి పక్షపు అష్టమి నాడు పూజ చేస్తాం. కుక్క ఆయన వాహనం. అందుకని ఒక శనివారం అష్టమి కలిసి వచ్చినప్పుడు, నేను గ్రంథం తెరిచి, ప్రాణులకు వంతు తీయని ఇంట్లో అన్నం అన్నమే కాదని గట్టిగా చెప్పాను. దేవుడికి ఏది పెట్టారో అదే కుక్కకూ పెట్టండి, తేడా చూపించకండి అన్నాను. మా జనం నా మాట తీసిపారేయరు. ఆ రోజు ఉస్మాన్‌గంజ్‌లో కిరాణా వ్యాపారం చేసే ఒక భక్తుడు నేతితో కేసరి చేయించి తెచ్చాడు. తన కొట్టులోని సరుకే కాబట్టి కిస్‌మిస్ గుప్పిళ్ళతో వేయించాడు. నేనే దొన్నె నింపి, అందరూ చూస్తుండగా టైగర్ ముందు పెట్టాను. అది నాకింది. ఇంకో దొన్నె పెట్టాను. జనం దండం పెట్టారు. నేను మళ్ళీ లోపలికి వచ్చి చెప్పడం మొదలుపెట్టాను.

పెద్దమ్మ ఆలస్యంగా వచ్చింది. గుమ్మం దగ్గర టైగర్‌ను చూసింది, దొన్నెను చూసింది. చెప్పులు కూడా విప్పకుండా జనం మధ్యలోంచి నా ముందుకు వచ్చి నిలబడింది.

"బోధ ఆపు బిడ్డా. ముందు కుక్కను ఎత్తు."

నాకు కోపం వచ్చింది. చెబుతున్నవాడిని మధ్యలో ఆపడం మా మందిరంలో ఎన్నడూ లేదు. ప్రాణులకు వంతు పెట్టమని గ్రంథంలో ఉంది పెద్దమ్మా అన్నాను, పుస్తకం ఎత్తి చూపిస్తూ.

"ఉంటది. కిస్‌మిస్ ఏసి పెట్టమని రాసుందా? చూసి చెప్పు."

నిజం చెబుతున్నాను, నా కళ్ళు పేజీ మీదికి వెళ్ళాయి. అక్కడ లేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క కిడ్నీలను పాడుచేస్తాయని ఆమె అక్కడే చెప్పింది. ఒక కుక్క గుప్పెడు తిని కూడా తిరుగుతుంది, ఇంకొకటి నాలుగు పలుకులకే పడిపోతుంది, ఏ కుక్కకు ఎంతలో ముంచుకొస్తుందో డాక్టర్లు కూడా ముందుగా చెప్పలేరు, కక్కించేటట్టయితే గంటా రెండు గంటల్లోపే అన్నది. నేను ఉప్పునీళ్ళు తాగిద్దామంటే చేయి పట్టుకుని ఆపింది. ఇంట్లో సొంత వైద్యం చేస్తే ఇంకో ప్రమాదం తెచ్చుకున్నట్టే, కక్కించేది డాక్టరే అన్నది. ఆ మాటలు అంటూనే మిగిలిన దొన్నెను కొంగులో మూట కట్టింది. డాక్టర్ ఏం తిన్నదని అడుగుతాడు, ఎంత తిన్నదని అడుగుతాడు, ఎప్పుడు తిన్నదని అడుగుతాడు. మూడింటికీ జవాబు చేతిలో ఉండాలట.

ఆటో అతను కుక్కను చూసి ముందు వెనకాడాడు. పెద్దమ్మ ముఖం చూసి, "బైఠో అమ్మా, జల్దీ" అన్నాడు. టైగర్ నా ఒడిలో తోక ఊపుతూ కూర్చుంది. దానికి ఏమీ కానట్టే ఉంది. నాకు మాత్రం అవమానం మంటలాగా ఉంది. ఆటోలోనూ వాదించాను. దేవుడికి పెట్టింది విషం ఎట్లా అవుతుందని అడిగాను. ఆమె గొంతు పెంచలేదు.

"దేవునికి ఏం పెట్టినా నడుస్తది బిడ్డా. ఆయనకు కిడ్నీలు లెవ్వు. దీనికి ఉన్నయి."

నేను గ్రంథాన్ని సంచిలో పెట్టేసి, టైగర్‌ను రెండు చేతులా పట్టుకున్నాను.

పశువుల డాక్టర్ కక్కించాడు. అయినా రెండో రోజు టైగర్ నీరసపడింది, నీళ్ళు కూడా ముట్టలేదు. రక్తం చూస్తే కిడ్నీల లెక్క పెరిగిందన్నారు. మూడు రోజులు గ్లూకోజు సీసా ఎక్కింది. పగలు పెద్దమ్మ కూర్చునేది, దుకాణం కట్టేశాక నేను వెళ్ళేవాడిని. నాలుగో రోజు అది ఆమె చేతిలోంచి ఒక్క ముద్ద మెత్తటి అన్నం తీసుకుంది. ఆమె మురిసిపోలేదు. చేయి కడుక్కుని వచ్చి, రేపు పొద్దున ఎట్లా పోతుందో చూసి రెండో ముద్ద అన్నది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. అడిగిన వాళ్ళందరికీ నేను టైగర్ మురికి మోరీలో ఏదో తిన్నదని చెప్పాను. మందిరంలోనూ అదే చెప్పాను. ఇద్దరు ముగ్గురికి నిజం తెలుసు, వాళ్ళు నా మీది గౌరవంతో నోరు మూసుకున్నారు. మూడు వారాలు గడిచాయి. మళ్ళీ అష్టమి దగ్గరికి వస్తోంది. కిరాణా భక్తుడు ఈసారి పది కుక్కలకు సరిపడా కేసరి చేయిస్తానని నాకు ఫోన్ చేశాడు. నేను సరే అనలేదు, వద్దని కూడా అనలేకపోయాను.

ఆ సంగతి తెలిసి పెద్దమ్మ దుకాణానికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. బల్ల మీద కూర్చుని, ఊడిన మిషన్ చక్రాన్ని చేత్తో తిప్పింది.

"నువ్వు చెప్పినవని పెట్టిండ్రు. నువ్వు చెప్తెనే ఆపుతరు. నా మాట ఎవరు ఇంటరు? నేను మేత కోసినదాన్ని."

అంతే చెప్పి లేచి వెళ్ళిపోయింది.

ఆ శనివారం నేను లేచి నిలబడి, గ్రంథం మూసే ఉంచి, తప్పు నాదని చెప్పాను. వెనక వరుసలో వాళ్ళకు వినిపించలేదని మళ్ళీ చెప్పమన్నారు. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది. కిరాణా భక్తుడు తల పట్టుకుని కూర్చున్నాడు. పాపం, ఆయన తప్పేముంది? ఆ అష్టమి నుంచి పెద్దమ్మ మందిరం గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చునేది. కుక్కల కోసం ఎవరు ఏం తెచ్చినా ఆమె ముందు దించాలి. అద్దాలు ముక్కు చివరికి జార్చుకుని దొన్నెలో వేలు పెట్టి కెలికేది. కొందరికి ఎంత చెప్పినా అలవాటు పోలేదు, తెచ్చిన పొంగలిలో కిస్‌మిస్ ఉండేది. ఏరితే సరిపోదా అంటే, ఏరింది పలుకులే, రసం అన్నంలోకి దిగింది అని, ఏరిన పలుకులు చూపించి మరీ మొత్తం దొన్నెను మనుషులకే పంచేసేది.

అట్లాగని కుక్కకు మంచి తిండి వద్దనే మనిషి కాదు. టైగర్‌కు దుకాణం నుంచి బన్ను బంద్ చేయించింది. కుక్కల కోసమే తయారుచేసి అమ్మే మేత అసలు తిండిగా ఉండాలని, దాని మీద తాజాగా కొంచెం కలపాలని డాక్టర్ ఎదుటే నన్ను ఒప్పించింది. ఆ తాజాది పది ముద్దల్లో ఒక ముద్దే, అంతకు మించితే కడుపు నిండుతుంది గానీ ఒంటికి కావాల్సింది అందదు అనేది. ఉడికించిన గుమ్మడి, సన్నగా తరిగిన క్యారెట్, బీన్స్, ఒక్కోరోజు ఉడికిన గుడ్డు. ఉప్పు లేదు, నూనె లేదు, తాలింపు మాటే లేదు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన గరిటె కూడా ఆ గిన్నెలో పడనిచ్చేది కాదు. ఎండాకాలం పుచ్చకాయ ముక్క గింజలు తీసి పెట్టేది. కొత్తది ఏదైనా సరే గోరంత పెట్టి, మూడు నాలుగు రోజులు ఆగేది. కిడ్నీలు దెబ్బతిన్న కుక్క కాబట్టి డాక్టర్‌ను అడగకుండా నేను గుడ్డు ముక్క కూడా ఎక్కువ వేయకూడదు. గంటసేపు తినకుండా వదిలేసిన గిన్నెను ఈగలు చేరకముందే తీసి కడగాలి.

టైగర్ కడుపు ఎట్లా ఉందో తెలుసుకోవడానికి ఆమెకు ఒకటే దారి. పొద్దున ఏడింటికి అరుగు మీదినుంచి సందు అంతా వినిపించేలా అడిగేది: "ఏం బిడ్డా, గట్టిగనే పోయిందా?" ఒకసారి మలక్‌పేట నుంచి నన్ను సభకు పిలవడానికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి నా ముందు నిలబడి ఉన్నారు. నేను పోయిందని బదులు చెప్పాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సభ తేదీ తర్వాత చెబుతామన్నారు, ఇప్పటిదాకా చెప్పలేదు.

టైగర్ ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. ముసలితనంతో, నిద్రలో పోయింది. ఆ రెండేళ్ళు పెద్దమ్మ నాకు తిరిగి ఇప్పించినవే.

నిన్న ఆమె పదకొండో రోజు. వాళ్ళింటి ఆచారం ప్రకారం యాటను కోసి మాంసం వండారు. సందులో షామియానా వేశారు. నేను మాంసం తినను, ఒక మూలన కూర్చుని ఆమె పేరు మీద గ్రంథం చదువుతున్నాను. మొదటి బంతి లేచింది. విస్తర్లన్నీ కుప్పగా ఎత్తి, ఆమె పెద్దకొడుకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దింపాడు. కుక్కలు ఏడో ఎనిమిదో పరుగెత్తుకొచ్చాయి.

నేను చదువుతున్న వాక్యం మధ్యలో పుస్తకం మూసి పరుగెత్తాను. అరిచాను కూడా. కుప్పకూ కుక్కలకూ మధ్య చేతులు చాచి నిలబడితే పెద్దకొడుకుకు కోపం వచ్చింది.

"మా అమ్మ పేరు మీద నాలుగు కుక్కలు తింటే నీకేందన్నా నొప్పి?"

ఉడికిన ఎముక చీలి సూదిలా అవుతుందని, గొంతులోనో పేగులోనో దిగుతుందని, దిగాక ఏడవడం తప్ప చేసేదేమీ ఉండకపోవచ్చని చెప్పాను. అతను వంగి ఒక విస్తరిలోని ఎముకను తీసి చూశాడు.

"అమ్మ ఇంట్ల గిదే చెప్తుండె. రోజూ చెప్తుండె. మేమే ఇనకపోతిమి."

పంచె ఎగగట్టుకుని కింద కూర్చున్నాడు. గుండు చేయించుకున్న ఆ తల వంచి, ఒక్కొక్క విస్తరి విప్పి ఎముకలు ఏరడం మొదలుపెట్టాడు. తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు. కోడలు మూత ఉన్న డబ్బా తెచ్చి పెట్టి, మసాలా అంటిన అన్నం కూడా వద్దని, ఉప్పు లేని అన్నం విడిగా వండటానికి లోపలికి వెళ్ళింది. రెండో బంతికి వచ్చిన చుట్టాలు కూడా ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. ఎండలో, తెల్ల బట్టల్లో, పదిమంది మనుషులు వంగి ఏరుతున్నారు. వాళ్ళ ఎదురుగా కుక్కలు వరుసగా కూర్చుని, మూతులు పైకెత్తి, ఓపికగా చూస్తున్నాయి.

మీ ఇంట్లో ఇవ్వాళ మాంసం వండారా? ఎముకలు సంచిలో కట్టి సందు మూలన పడేసి వచ్చారా? అయితే ఇది చదవడం ఆపండి. రేపు కాదు, అన్నం తిన్నాక కాదు. చెప్పులు వేసుకుని ఇప్పుడే వెళ్ళండి. కుక్క కంటే ముందు మీరు చేరాలి.