భీమిలి మీదుగా ఢిల్లీకి

సామర్లకోట నుంచి ఢిల్లీ వెళ్లేవాళ్లెవరూ భీమిలి మీదుగా వెళ్లరు. నేను వెళ్లాను. ఎనభైల మొదట్లో, ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలో. డిసెంబరులో ఢిల్లీలో జాతీయ పోటీలు. హర్డిల్స్‌కు రాష్ట్ర జట్టులో నా పేరుంది. పేరైతే ఉంది గానీ, చివరి రెండు హర్డిల్స్ దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు లేచేవి కావు. ఇసకలో పరిగెత్తితే తొడలకు బలం వస్తుందన్నారు కోచ్ గారు. భీమిలిలో మా పిన్ని వాళ్లిల్లు సముద్రానికి దగ్గరే. తాలూకా ఆఫీసులో గుమాస్తా అయిన మా నాన్న మాత్రం, "ఈ వేసవి చూస్తాను. తర్వాత ఢిల్లీయో, టైపు ఇన్‌స్టిట్యూటో చెబుతాను" అన్నారు. ఏ సంగతైనా బాగా ఆలోచించి వద్దనడం ఆయన అలవాటు.

ఏప్రిల్ నెలాఖర్న పొద్దున ఆరున్నరకు పాసింజరు ఎక్కాను. అమ్మ దిబ్బరొట్టె, ఆవకాయ కట్టి ఇచ్చింది. తునిలో మామిడిపళ్ల గంపతో ఒకావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. నా సంచికి వేలాడుతున్న స్పైకు బూట్లు చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏటి పాపా, సెప్పులకి మేకులేటి? పొలం దున్నుతావేటి?"

"పరుగు పందేనికి."

"గెలిస్తే ఏటిస్తారు?"

"పతకం."

"దాన్నేటి సేసుకుంటావ్?"

ఆవిడ దగ్గరే ఓ పండు కొనుక్కుని, అది తింటూ తప్పించుకున్నాను.

విశాఖ స్టేషన్ని అప్పట్లో వాల్తేరు అనేవారు. పన్నెండు దాటాక దిగాను. పోర్టులో క్రేను నడిపే మా బాబాయి డ్యూటీ బట్టల్లోనే వచ్చి, నన్ను భీమిలి బస్సెక్కించాడు. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులవి, బస్సులో సగం మంది మాటలు అక్కడి ఉద్యోగాల గురించే. ఈ దారిన వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే: కుడివైపు సీటు పట్టుకోండి. ఋషికొండ దాటాక సముద్రం, ఎర్రమట్టి దిబ్బలు చూస్తూ నేను ఆకలి సంగతే మర్చిపోయాను. అది నా విషయంలో చిన్న సంగతి కాదు.

మర్నాడు తెల్లవారగానే పిన్నిని తోడు తీసుకుని ఒడ్డుకు వెళ్లాను. అక్కడ పెద్ద వల లాగుతున్నారు. పడవ మీద వెళ్లి వలను సముద్రంలో చుట్టూ దింపి వస్తారు. దాని రెండు కొసల తాళ్లనూ ఒడ్డున రెండు వరసల జనం వెనక్కి నడుస్తూ లాగుతారు. నేను పరిగెత్తుకొస్తుంటే నడుమెత్తున బిగుసుకుని ఉన్న తాడు అడ్డం వచ్చింది. హర్డిల్స్ ఆడే పిల్లకు అలాంటిది కనబడితే ఊరుకుంటుందా? ఒక్క గెంతు గెంతాను. ఎంత బాగా గెంతానో అని నేను మురిసిపోతుంటే, వరస వరసంతా కేకలు పెట్టింది.

"దాటీసిందిరా!"

వల పెద్ద నూకరాజు గారు నా ముందుకొచ్చి నిలబడ్డారు. "వల తాడు దాటకూడదు పాపా. దాటినోలు ఆ తాడే పట్టుకోవాల. వల ఒడ్డెక్కీదాకా ఒగ్గీకూడదు. మా పల్లె కట్టుబాటది."

పిన్ని అడ్డుపడింది. "రాష్ట్రానికి ఆడే పిల్లండీ, చేతులు పాడవుతాయి."

"ఆడనీ అమ్మా, నానొద్దన్నానా? ముందు లాగమను."

లాగాను. మడమలు ఇసకలో దిగేసి, నడుం వెనక్కి వాల్చి, ఎండెక్కేదాకా లాగాను. చేతులు బొబ్బలెక్కాయి. చివర్లో తాడు పట్టినవాళ్లందరితో పాటు నాకూ గుప్పెడు చేపలు పంచారు. మర్నాడు మంచం మీంచి లేవబోతే తొడలు చెప్పిన మాట వినలేదు. ఎక్కడ బలం చాలదన్నారో సరిగ్గా అక్కడే నొప్పి. ఏడుపు రావలసింది పోయి నవ్వొచ్చింది నాకు. ఆ రోజు నుంచి దాటకుండానే తాడు పట్టేదాన్ని. తర్వాత గంపల మీద వెదురు కర్రలు పెట్టుకుని గెంతేదాన్ని. పల్లె జనం వలలు బాగుచేసుకుంటూ చూసేవారు. అంత చనువుగా నన్ను వెక్కిరించిన ప్రేక్షకులు మళ్లీ నాకు దొరకలేదు.

మే నెల చివర్లో, చెప్పాపెట్టకుండా తొలి బస్సుకు నాన్న దిగారు. భీమిలి వచ్చి వెళ్లిన ఆఫీసు స్నేహితుడొకాయన, మీ అమ్మాయి చేపల వల లాగుతోందని చెప్పాడట. ఇస్త్రీ చొక్కాతో తిన్నగా ఒడ్డుకే వచ్చారు.

"ఇదా నీ శిక్షణ? వదులు ఆ తాడు! సర్దుకో, పద ఇంటికి!"

"వల రాకుండా వదలకూడదు నాన్నా."

ఆయన కోపం మీద ఉన్నారు. నా చెయ్యి పట్టుకు లాగాలని అవతలి వైపు నుంచి విసురుగా వచ్చి, కిందుగా ఉన్నచోట తాడు దాటేశారు.

"దాటీసినాడు!"

నూకరాజు గారు చేతులు కట్టుకుని మర్యాదగా చెప్పారు. "బాబూ, తవరు కూడా పట్టాల."

"నేను గవర్నమెంటు ఉద్యోగినయ్యా!"

"అవును బాబూ. ఆ ముక్క సేపలకి తెలీదు గదా."

వరసంతా నవ్వింది. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి, నా వెనకాల తాడు పట్టుకున్నారు. కాసేపటికి ఆయన రొప్పు నాకు వినపడింది.

"ఇంకా ఎంతసేపు?"

"సగం కూడా రాలేదు నాన్నా."

"రోజూ లాగుతున్నావా?"

"రోజూ."

"ఇది లాగాక పరిగెడుతున్నావా?"

"ఊఁ."

వల వచ్చాక ఆయన వాటా చేపలు జేబురుమాల్లో పోయించుకుని ఇసకలో చతికిలబడ్డారు. నేను గంపలూ కర్రలూ పెట్టి పరిగెత్తాను. చివరి రెండూ కూడా తగలకుండా దాటాను. వెనక్కి తిరిగి చూస్తే నాన్న తన చేతులు చూసుకుంటున్నారు.

ఆ మధ్యాహ్నమే వాల్తేరులో రైలెక్కాం. అనకాపల్లి దాటింది, ఎలమంచిలి దాటింది, ఢిల్లీయో టైపో ఆయన ఇంకా తేల్చలేదు. టైపు ఇన్‌స్టిట్యూట్ గుమ్మం కళ్ల ముందు ఆడుతోంది నాకు. తునిలో టీ కొన్నారు గానీ, బొబ్బల చేతుల్తో వేడి గ్లాసు పట్టుకోలేకపోయారు. నేను పట్టుకుంటే తాగారు.

తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను. డిసెంబరు పోటీల్లో నాలుగోదాన్నే అయ్యాను. అయినా ప్రయాణం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ తిరుగు ప్రయాణమే.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. నాన్న అరచేతులు చూసి అమ్మ కంగారుపడింది. "ఇదేమిటండీ, చేతులకేమైంది?"

"ఢిల్లీలో డిసెంబరంటే చలి చంపేస్తుందట. దీనికి స్వెటరుందా?"

"మన ఊళ్లో స్వెటరేమిటండీ!"

"అయితే అల్లు."

రోహిణి కార్తె ఎండల్లో, వాకిట్లో కాలు పెడితే కాలిపోయే రోజుల్లో, అమ్మ ఎర్ర ఉన్ని తెప్పించి చెమట తుడుచుకుంటూ అల్లింది. కొలత చూస్తానని ఓ మిట్టమధ్యాహ్నం నాకు తొడిగింది. ఒళ్లంతా చెమటలు కారిపోతున్నాయి. విప్పమని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నాకు విప్పబుద్ధి కాలేదు.