కాలువలో కలిసిన కంప్యూటర్ తాళంచెవి

1988లో నరసరావుపేట కోర్టు దారిలో నాకొక తాళాల కొట్టు ఉండేది. పేరుకు కొట్టే గానీ, ఉన్నది ఒక చెక్క బంకు, తాళాన్ని బిగించి పట్టే ఒక వైసు, నాలుగు ఆకురాళ్ళు. బీరువా అయినా, తాళంకప్ప అయినా, స్కూటర్ హ్యాండిల్ లాక్ అయినా తీసి పంపేవాణ్ణి. ఖాసిం చెయ్యి పడితే తాళం నోరు తెరవాల్సిందే అని జనం అంటుంటే నాకూ కాస్త పొగరుగానే ఉండేది.

ఆ పొగరు దించింది దుబాయ్ నుంచి వచ్చిన ఒకాయన సూట్‌కేసు. దానికున్నది ట్యూబులర్ లాక్. మామూలు తాళానికి సన్నటి చీలిక ఉంటుంది, దీనికి గుండ్రటి సందు. ఆ సందు లోపల చుట్టూ ఏడు పిన్నులు ఉంటాయి. తాళంచెవి చిన్న గొట్టంలా ఉంటుంది, దాని అంచున గాట్లు. ఆ గాట్లు ఒక్కో పిన్నును దానికి తగ్గ లోతుకు నెడితేనే తాళం తిరుగుతుంది. నా కొక్కేలేవీ అందులో పారలేదు. చివరికి డ్రిల్లుతో తొలిచి తీశాను. ఆయన డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు గానీ, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. తొలిచిపారేయడానికి తాళాలవాడు ఎందుకండీ?

ఇక పట్టుబట్టాను. ఆ పాడైన తాళాన్నే కోసి లోపల చూసుకున్నాను. సందులో దూరే ఇత్తడి గొట్టం ఒకటి వెతికి, దాని చుట్టూ ఏడు గాడులు తీశాను. గొడుగు ఊచల్ని అరగదీసి ఆ గాడుల్లో కూర్చోబెట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాను. దీన్నే పిక్ అంటారు. పిక్‌ను లోపలికి నొక్కి, కొంచెం మెలిపెట్టి ఉంచి, మెల్లగా ఆడించాలి. ఆ మెలిపెట్టడాన్ని టెన్షన్ అంటాం. ఎక్కువైతే పిన్నులు బిగుసుకుంటాయి, తక్కువైతే జారిపోతాయి. ఆ "కొంచెం" ఎంతో నా వేళ్ళకు తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

"ఇంట్లో ఉన్న ఒక్క గొడుగూ పొట్టన పెట్టుకున్నావు. రేపు వానొస్తే ఆ ఇత్తడి గొట్టం పట్టుకు తిరగమంటావా ఏందయ్యా?" అంది మా ఆవిడ. ఆ మాటా న్యాయమే.

ఒక శుక్రవారం పొద్దున్నే కాలేజీ అటెండరు రామకోటయ్య సైకిల్ మీద ఆయాసపడుతూ వచ్చాడు. మా వీధివాడే, నన్ను మామా అని పిలుస్తాడు.

"మామా, నీ సామానంతా తీసుకొని రా. కంప్యూటర్‌కి తాళం పడింది. సాయంత్రం నాలుక్కి కాలేజీ నడిపే పెద్దోళ్ళొస్తున్నారు."

కంప్యూటర్ అనే మాట వినడమేగానీ నేనెప్పుడూ చూసింది లేదు. కాలేజీ గదిలో తెల్లటి గుడ్డ మీద, తాజా పూలు చల్లిన బల్లపై, పెళ్ళికూతురిలా కూర్చుంది. ముందువైపు నాకు బాగా తెలిసిన గుండ్రటి సందు! చుట్టాన్ని చూసినట్టు నవ్వొచ్చింది. పక్కనే లెక్కలు చెప్పే శారద మేడం నిలబడి ఉంది. ముఖం వాడిపోయింది.

"కంపెనీ మనిషి తాళం వేసి వెళ్ళాడండీ. తాళం తీస్తేగానీ కీబోర్డు పనిచేయదు. దీనికోసం హైదరాబాదులో ఆరు వారాలు ట్రైనింగ్ అయి వచ్చాను. ఈ రోజు నడిపి చూపించకపోతే దీన్ని గుంటూరులో ఉన్న తమ ఇంకో కాలేజీకి పంపేస్తామన్నారు మా పెద్దలు. మా పిల్లలు దీన్ని ఇక కళ్ళచూడరు."

"తాళంచెవి ఏమైందమ్మా?"

మేడం రామకోటయ్య వైపు చూసింది. అతను నేలచూపులు చూశాడు.

"నిన్న పూజ చేశాం మామా. తాళంచెవులు రెండూ మిషను ముందర పూలల్లో పెట్టాం. పూజ పూలు తొక్కుళ్ళల్లో పడకూడదని అన్నీ మూటగట్టి సాగర్ కాలువలో కలిపొచ్చా."

"తాళంచెవులతో సహా!" అంది మేడం. "కాస్త చూసుకోవద్దా రామకోటయ్యా?"

"భయపడమాకమ్మా, పది నిమిషాల పని," అన్నాను గొప్పగా.

పది నిమిషాలు గంటయింది, గంట రెండయింది. పిన్నుల్లో కదలికే లేదు. టెన్షన్ పెంచాను, తగ్గించాను, పిక్ తీసి మళ్ళీ పెట్టాను. జుమా నమాజుకు వెళ్ళొచ్చి కూర్చున్నా అదే తంతు. డ్రిల్లు పెట్టలేను, లోపల ఏముందో నాకు తెలియదు. నాలుగు నెలల విద్య నలుగురిలో నవ్వులపాలవుతుందని నిజంగానే భయపడ్డాను.

విసుగొచ్చి పిక్ బయటికి లాగి వెలుతురులో చూశాను. ఊచల కొసలు పచ్చగా ఉన్నాయి. ఇత్తడి అరిగిందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుంటే వంటింటి వాసన!

"ఏంరా, ఈ సందులో పసుపెవరు పూశారు?"

రామకోటయ్య గాభరాపడ్డాడు. "నా మీద ఒట్టు మామా, నేను మాత్రం పూయలా."

మేడం చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది. "నేనేనండీ. గుండ్రంగా ముచ్చటగా ఉందని దానికి దిట్టంగా పసుపు పూసి బొట్టు పెట్టాను. పైపైన పొద్దున తుడిచేశాను."

పొద్దుటి నుంచి తిట్లు తిన్న రామకోటయ్య ముఖం ఒక్కసారిగా విప్పారింది. ముందు అతనే నవ్వాడు, తర్వాత నేను, ఆఖరికి మేడం కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తడి పసుపు లోపలికి దిగి, ఎండి, ఏడు పిన్నుల్నీ పట్టేసింది.

కరెంటు వైరు తీయించి, కెమిస్ట్రీ ల్యాబు నుంచి స్పిరిట్ తెప్పించి, సన్నటి కుంచెతో కడిగాను. రామకోటయ్య తన సైకిల్ పంపుతో గాలి కొట్టాడు. కొట్టినప్పుడల్లా పచ్చటి తుంపర నా చొక్కా మీద పడింది. ఆరాక పిక్ పెట్టి ఆడిస్తే ఒక్కో పిన్ను మాట విన్నట్టు సర్దుకుంది. మూడున్నర దాటాక తాళం కిర్రుమని తిరిగింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

మేడం స్విచ్ వేసి కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. తెర మీద పచ్చటి అక్షరాలు వరసగా నడిచొచ్చాయి. కిటికీల దగ్గర మూగిన పిల్లలు కేరింతలు కొట్టారు. నాలుగింటికి వచ్చిన పెద్దలు దాన్ని చూసి మురిసిపోయారు, గుంటూరు మాట మళ్ళీ ఎత్తలేదు. చివరి బెంచీలో పసుపు మరకల చొక్కాతో కూర్చున్న నాకు, నా బిడ్డే బడిలో ఫస్టు వచ్చినంత సంతోషమైంది.

ఆ తర్వాత ఎవరు తాళం తెచ్చినా, పనిముట్టు ముట్టకముందే, "దీనికి ఏమేం చేశారో చెప్పండి, నేనేమీ అనుకోను" అని అడగడం నేర్చుకున్నాను. కొందరు నెయ్యి వేశామంటారు, కొందరు ఆముదం పోశామంటారు. సిగ్గుపడుతూనే చెబుతారు. దొంగలు పాడుచేసిన తాళాలు నా దగ్గరకు వచ్చింది చానా తక్కువ. ఎక్కువగా వచ్చినవి ఇలా ముద్దుచేసి పాడుచేసినవే. వాటిని బాగుచేస్తూ నేనెప్పుడూ ఎవరినీ తిట్టలేకపోయాను.