ధోవతి మీద రంగు

మా బావ, అంటే మా ఆయన అన్న, కొన్నాళ్లపాటు వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెప్పేవాడు: "మా తమ్ముని పెండ్లాం నా పానం నిలవెట్టింది." విన్నవాళ్లు నన్ను మెచ్చుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. నేను చేసింది కక్షతో చేశాను.

మాది హుజూరాబాద్ దగ్గర నేత కుటుంబం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా వసారాలో వరుసగా నాలుగు గుంట మగ్గాలుండేవి. గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసుకుని మగవాళ్లు పొద్దంతా నేసేవాళ్లు. నేసేవి ఎర్రంచు చీరలు. నూలుకు రంగు మేమే వేసుకునేవాళ్లం. చేతులు, గోళ్లు, గోడలు, ధోవతులు అన్నీ ఎర్రనే. అందుకే మా ఆయన ధోవతి వెనక మరక కనబడినా ఎవరూ పట్టించుకోలేదు. ఉతికే నేను కూడా మొదటి రెండుసార్లు రంగే అనుకున్నాను.

మూడోసారి అనుమానం వచ్చింది. మా రంగు చన్నీళ్లలో పడితే ఎర్రగా పారి గంగాళమంతా నిండుతుంది. ఈ మరక పారలేదు. అంచు గట్టిపడి గోధుమరంగుకు తిరిగింది. నెలనెలా తమ గుడ్డలు తామే ఉతుక్కునే ఆడవాళ్లకు అదేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు.

అడిగితే మా ఆయన తల దించుకుని చెప్పాడు. నాలుగు నెలలుగా నెత్తురు పడుతోందట. పొద్దున ఒకసారి చెంబు పట్టుకుని వెళ్లే మనిషి నాలుగుసార్లు వెళ్తున్నాడు. వెళ్లొచ్చినా వెళ్లినట్టు ఉండదట. మొలతాడు వదులై కిందికి జారుతోంది.

కరీంనగర్ దవాఖానకు పోదామన్నాను. సరేనన్నాడు. బావ ఇంటి పెద్ద కనుక, మర్నాడు మా ఆయన మగ్గాల దగ్గరే బావను అడిగాడు. బావ నేత ఆపి పకపకా నవ్వాడు.

"గుంటల కూసున్నోనికి మొలలు రాకుంటే కొమ్ములొస్తయారా? గా డాక్టర్ ముంగట ధోతి ఇప్పి వంగుతవా? జర సిగ్గువడు!"

నవ్వులకు మగ్గాలన్నీ ఆగిపోయాయి. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వుమొహం నాకిప్పటికీ కనబడుతుంది. ఆ తర్వాత దవాఖాన అంటే చాలు, కసురుకునేవాడు. తన ధోవతి తనే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. నేను బావను అడగలేదు. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావ ముందు నిలబడకూడదు, మాట్లాడకూడదు. కొంగు కప్పుకుని గోడవారగా తప్పుకోవాలి. ఆ మర్యాద పాటించినందుకు నన్ను కూడా నేను క్షమించుకోలేదు.

చివరికి బండిలో వేసుకుని తీసుకెళ్లేసరికి పేగులో గడ్డ ముదిరిపోయింది. డాక్టరు నన్నే కోప్పడ్డాడు. "మొలలైనా, ఇంకోటైనా, నెత్తురు వడ్డదంటే వచ్చి చూపియ్యాలె. దొడ్డికి పోయే తీరు మారి, మనిషి చిక్కిపోతుంటే అస్సలే ఆగొద్దు. ఇన్ని నెలలు ఎందుకాగిన్రమ్మా?"

బావ నవ్వినందుకు ఆగామని ఎలా చెప్పను? ఆ ఏడు దసరా మా ఆయన చూడలేదు.

నాలుగేళ్లు గడిచాయి. ఉమ్మడి ఇల్లు కాబట్టి బావ ధోవతులూ నా చేతికే వచ్చేవి. ఒకరోజు ఒకదాని వెనక మరక కనబడింది. నీళ్లలో ముంచాను. పారలేదు.

నిజమే చెబుతున్నాను, నా కడుపు చల్లబడింది. ఉతికి, ఆరేసి, మడతపెట్టాను. మళ్లీ మరక వచ్చింది, మళ్లీ ఉతికాను. గుంటలో కూర్చునేవాడికి మొలలు గాక కొమ్ములొస్తాయా అనుకున్నాను. బావ పొద్దున రెండోసారి చెంబు అందుకోవడం వంటింట్లోంచి చూస్తూ నవ్వుకున్నాను. అలా పదిరోజులు.

పదకొండో రోజు ఆ సంతోషం చాలలేదు. ఇలాగే పోతే బావ మంచివాడిగా పోతాడు. ఊరంతా వచ్చి ఏడుస్తుంది. మా ఆయన్ని సిగ్గుపెట్టిన చోటే బావ తల వంగాలి. ఉతకని ధోవతి తీసుకుని, తలమీది కొంగు తీసేసి, మగ్గాల మధ్య నిలబడ్డాను. మరక అందరికీ కనబడేట్టు విప్పి పట్టుకుని, పెళ్లయ్యాక మొదటిసారి బావతో మాట్లాడాను.

"బావా, ఇది రంగు గాదు. నీకు దొడ్డికి పోంగ నెత్తురు వడుతుంది. గా డాక్టర్ ముంగట ధోతి ఇప్పి వంగుతవా, సిగ్గువడి సస్తవా?"

మగ్గాలు ఆగాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. బావ ఎత్తిన తల దించాడు. మర్నాడే కరీంనగర్ బస్సెక్కాడు. ఆయనదీ గడ్డేనట, కానీ చిన్నది. పట్నం పంపి కోయించారు. బతికాడు.

అప్పట్నుంచి ఆ పొగడ్త మొదలైంది. ఒకరోజు చుట్టాల ముందు మళ్లీ అదే మాట అంటుంటే నేనే బయటికి వచ్చాను.

"నీ పానం నేను నిలవెట్టలే బావా. నువ్వు ఆయనకు చెప్పిన మాటనే నీకు చెప్పిన. ఆయన గా మాటకు ఆగిండు. నువ్వు పోయినవు, గంతే."

మర్నాడు పొద్దున నేను లేచి చూస్తే బావ బట్టలుతికే రాయి దగ్గర కూర్చుని తన ధోవతి తనే ఉతుక్కుంటున్నాడు. పోయేదాకా అలాగే ఉతుక్కున్నాడు. నేను ఒక్కనాడూ వద్దనలేదు.