దేవుని కుండలో బియ్యం

నా చిన్నప్పుడు మా నాయనమ్మకు కోపం రావడం ఒక్కసారే చూశాను. ఆ ఒక్కసారి చాలు. మొన్న చర్చిలో పాతవాళ్ళను తలచుకుంటూ ఒకాయన, ఆమె సాత్వికురాలు, నోరెత్తి ఎరుగదు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నోరెత్తింది. ఎక్కడ ఎత్తిందో, ఎందుకెత్తిందో చెబుతాను, వినండి.

మాది పటాన్‌చెరు దగ్గరి పల్లె. మా నాయనమ్మ పూటపూటకూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. అది దేవుని కుండ. ఆదివారం ఆ బియ్యం చర్చిలో గంపలో పోసేది. మా సంఘంలో ఆడవాళ్ళంతా అంతే. ఇంట్లో పస్తులున్నా ఆ కుండలో చెయ్యి పెట్టకూడదు. ఆ ఏడు ఫ్యాక్టరీ నీళ్ళు వాగులో కలిసి మా మడి మాడిపోయింది. మేము గంజి తాగి పడుకున్నాం గానీ కుండ ముట్టలేదు.

మా వెనక అర్రలో ఒడిశా నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు కిరాయికి ఉండేవాళ్ళు. ఫ్యాక్టరీలో యాసిడ్ పడి అతని చేతులు రెండూ కాలాయి. పనికి పెట్టిన మేస్త్రీ అతన్ని ఆసుపత్రి మెట్ల మీద దింపి వెళ్ళిపోయాడు. ఆ మేస్త్రీ ఎవరో కాదు, మా సంఘపెద్ద తమ్ముడు. మూడు రోజులు ఆ అర్రలో పొయ్యి వెలగలేదు. శనివారం మా నాయనమ్మ దేవుని కుండ తీసుకుపోయి అతని పెళ్ళాం కొంగులో బోర్లించింది.

నాకు గంజి, ఆమెకు బియ్యమా? ఆ ఉక్రోషంతో మరునాడు చర్చి వాకిట్లోనే సంఘపెద్ద భార్యకు చెప్పేశాను. ఆ చాడీ నాది. ఇప్పటికీ నాదే.

గంప మా వరుసకు వచ్చింది. నాయనమ్మ చేతిలో ఖాళీ కుండ. సంఘపెద్ద అందరికీ వినబడేలా అడిగాడు.

“ఏందవ్వా, దేవుని బియ్యం ఎవరికో పెట్టినవట? వాళ్ళు మనోళ్ళు గూడ గాదాయె. గిట్లయితే నీ పేరు సంఘం రిజిస్టర్ల ఉంచాల్నా, తీసెయ్యాల్నా?”

పేరు తీసేస్తే చచ్చాక మా బొందలగడ్డలో చోటు ఉండదు. మా తాతయ్య అక్కడే ఉన్నాడు. ఆయన పక్కన పడుకోవాలన్నది ఆమె ఒకే ఒక్క కోరిక. నాయనమ్మ లేచింది.

“తీసెయ్ పెద్దమనిషీ. గాని మొదలు నీ తమ్ముని పేరు తియ్. చేతులు గాలిన మనిషిని మెట్ల మీద పారేసొచ్చిండు గదా, ఆ పేరు తియ్. తర్వాత నా పేరు తియ్. దేవుడు అడిగితే నేను జెప్పుకుంట. నడుమల నువ్వెవనివి?”

గోడలు అదిరాయి. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆమె తరఫున మాట్లాడలేదు. మా అమ్మ కూడా తల దించుకుంది. సంఘపెద్ద నాయనమ్మ పేరు తీయలేదు, ధైర్యం చాలలేదు. తమ్ముడి పేరూ తీయలేదు.

చాడీ చెప్పింది నేనేనని ఆమెకు తెలుసు. ఇంటికి పోయాక కొడుతుందనుకున్నాను. బియ్యం చేట నా ముందు పెట్టి, “ఇయ్యాల నువ్వు తియ్,” అంది. నేను భయంతో నాలుగు గింజలు తీశాను.

“ఆకలైతుందా?”

అవునన్నాను.

“ఆకలి ఎరుకైనదానివి. నిండ తియ్.”

ఏడుస్తూ నిండా తీశాను.

మొన్న ఆమెను సాత్వికురాలన్నది ఆ సంఘపెద్ద కొడుకే. నా పెనిమిటి కూడా ఫ్యాక్టరీలోనే పోయాడు. గేటు ముందు కూర్చుంటే, నీ మొగుడు మా మనిషే కాదన్నారు ఫ్యాక్టరీవాళ్ళు. ఆ కోపం పోదు, పోనివ్వను కూడా. పిడికెడు బియ్యం మాత్రం ఇప్పటికీ పూటపూటకూ తీస్తాను, ఆ కోపంతోనే తీస్తాను. మా వాడ నిండా బయటి రాష్ట్రాల పిల్లలే కిరాయికి ఉన్నారు. శనివారం ఏ అర్రలో పొయ్యి వెలగలేదో చూసి కుండ బోర్లించి వస్తాను. ఆదివారం ఖాళీ కుండ పట్టుకుని చర్చికి పోతాను, ముందు వరుసలో కూర్చుంటాను.

ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. అడిగితే బాగుండు.