మిషన్ తీస్తోందిలే అన్నాను

టీవీలో ‘లైవ్’ అన్న ఎర్ర అక్షరాలు కనబడితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఉద్యమం రోజుల్లో ఆ అక్షరాల కింద మధ్యాహ్నం చూపించింది సాయంత్రం వార్తలకల్లా మాయమయ్యేది. మధ్యాహ్నం మా క్యాంపస్‌లో లాఠీలు లేవడం చూపించేవాళ్లు. సాయంత్రానికి మిగిలేది ఎవడో రాయి విసిరిన ముక్క ఒక్కటే. దాన్నే తిప్పి తిప్పి వేసేవాళ్లు. తార్నాకలో మా ఇంట్లో నాన్న అది చూసి, “చదువుకోమని పంపిస్తే వీళ్లు చేసేది ఇదా!” అనేవారు. మావాళ్లు కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. నేను పుట్టింది ఇక్కడే, చదివింది ఆ క్యాంపస్‌లోనే.

నాతో చదివిన స్నేహితుడు ఒకడు హాస్టల్లో ఉండేవాడు. వాళ్ల నాన్న ఊళ్లో మోటార్లు బాగుచేస్తాడు. టీవీలో వచ్చేదాన్ని రికార్డు చేసే మిషన్ ఆలోచన వాడిదే.

“మధ్యాహ్నంది దాచిపెడితే అయిపాయె గదరా. కొనే తాకత్ లేదు గని, చేసుకునుడు గూడ రాదా మనకు?”

మల్కాజ్‌గిరిలో ఎవరో మూలన పడేసిన కంప్యూటర్ తెచ్చాం. దానికి మూత లేదు. కేబుల్ వైరు తగిలించుకునే టీవీ కార్డు సెకండ్‌హ్యాండ్‌ది దొరికింది. హార్డ్ డిస్కు ఇంకో చచ్చిన కంప్యూటర్‌లోంచి పీకాం. ఫ్యాన్ మొరాయిస్తే వాడు కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేశాడు, తిరిగింది. టైమూ ఛానల్ నంబరూ చెప్పి వదిలేస్తే పొద్దున పది నుంచి రెండింటి దాకా దానంతట అదే రికార్డు చేసుకునేది. దుమ్ము పడుతుందని అమ్మ గుడ్డ కప్పబోతే వేడెక్కుతుందని ఆవిడ మీద అరిచాను. అంత మురిపెం నాకు ఆ డబ్బా అంటే.

ఒక రోజు క్యాంపస్ గేటు దగ్గర పోలీసులు మా ఊరేగింపును ఆపారు. తోపులాట మొదలైంది. మావాడు నా చెయ్యి గుంజి, “ఫోన్ తియ్యిరా, వీడియో తియ్యి. రేపు మనల్నే అంటరు” అన్నాడు. ఎదురుగానే ఛానల్ వాళ్ల కెమెరా ఉంది. మేం రోజూ రికార్డు చేసే ఛానలే.

“ఎందుకురా, ఇంట్లో మిషన్ తీస్తోందిలే” అని ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పుడైనా నాలుగు వాయించాలనిపిస్తుంది.

టియర్ గ్యాస్ పేలింది. హాస్టల్ మెస్‌లో వడ్డించే పెద్దాయన తలకు దెబ్బ తగిలి రోడ్డు మీద పడిపోయాడు. మావాడు ఆయన్ని భుజాన వేసుకుని, కెమెరా ముందు నుంచే ఆటోల దాకా మోసుకెళ్లాడు. నేను పక్కనే దగ్గుకుంటూ నడిచాను. ఆటో కదిలాక వెనక్కి వస్తుంటే పోలీసులు వాణ్ని వ్యాన్‌లోకి ఎక్కించారు. సరిగ్గా వాడు ఆయన్ని మోస్తున్న టైముకి గేటు దగ్గర రాళ్లు విసిరాడని కేసు రాశారు. పెద్దాయనకు స్పృహ వచ్చాక అడిగితే, ఎవరు మోశారో తెలియదన్నాడు. మావాడు అప్పటికే టీచర్ ఉద్యోగానికి సెలెక్టయ్యాడు, పోస్టింగు కాగితం కోసం చూస్తున్నాడు. కేసుంటే ఆ కాగితం రాదు.

నేను ధీమాగా ఇంటికొచ్చి డబ్బా ముందు కూర్చున్నాను. పది నుంచి రెండింటి దాకా ఒక బొట్టు పెట్టుకున్నాయన తాయెత్తులు అమ్ముతున్నాడు. నాలుగు గంటలూ ఆయనే.

కేబుల్ ఆయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన మురిసిపోతూ చెప్పాడు: “గా ఛానలోళ్లు మన పోరగాళ్లను రౌడీలంటున్నరు సార్. గందుకే పొద్దుగాల్నే దాన్ని ఆఖరు నంబర్‌కు తోసిన. దాని జాగల తాయెత్తులు పెట్టిన. మంచిగ చేసిన గద?”

మావాడిలాంటి వాళ్ల కోసమే చేశానంటున్నాడు. అమ్మ పొద్దున్నే రిమోట్ నొక్కుకుంటూ ఆ ఛానల్ ఎక్కడుందో పట్టుకుందట, నాకు చెప్పాలని తోచలేదట. మా డబ్బాకు వెతుక్కోవడం రాదు. ఛానల్ ఆఫీసుకు వెళితే లైవ్ దాచం పొమ్మన్నారు. రాయి విసిరిన ముక్క మాత్రం ఆ సాయంత్రం కూడా వేశారు.

వారం రోజులు అందరినీ తిట్టాను. ఛానల్‌ని, పోలీసుల్ని, కేబుల్ ఆయన్ని, చివరికి అమ్మని కూడా. బెయిలు మీద బయటికొచ్చాక మావాడు మా ఇంటికొచ్చాడు. నేను తాయెత్తుల కథంతా ఆవేశంగా చెప్పాను. వాడు డబ్బా వంక కూడా చూడలేదు.

“మిషన్ల లేకపోతే లేదు తియ్. నువ్వున్నవ్ గద నా పక్కన. నీ కండ్లు గూడ ఛానల్ మార్చినయా?”

వారం నుంచీ ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, దాని మీదికి చూపు పోకుండా అందరి మీదా అరుస్తున్నాను. వాడు వెళ్లాక నాన్న తలుపు వేసి వచ్చి, “మనకెందుకురా ఈ గొడవలు? రేపు మన ఇంటి మీదకి ఎవరొచ్చినా అడిగే దిక్కుండదు. సాక్ష్యం చెప్పాలంటే ఇంటి అడ్రసు ఇవ్వాలి, తెలుసా?” అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు. కానీ నాకు ఆ భయం మీదే అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది, ఎందుకంటే వారం రోజులుగా నా నోరు మూసింది కూడా అదే.

మర్నాడు పొద్దున అంబర్‌పేట్‌లో వాడి వకీలు దగ్గరికి వెళ్లాను. చూసింది చూసినట్టు రాయమని ఆయన తెల్లకాగితాలు ఇచ్చాడు. అన్నిటికంటే ముందు మా తార్నాక ఇంటి నంబరు రాశాను.